పాకం వచ్చిందని ఎలా తెలుస్తుంది పిన్నిగారూ?

సంక్రాంతికి ఇంకా మూడు వారాలుంది. ఉత్తరాలు మాత్రం అప్పుడే గంపెడు వచ్చిపడ్డాయి. సగం అరిసెల గురించే. మిగిలినవాటిలో నన్ను కేకలేసినవీ ఉన్నాయి. కేకలేసినవాళ్ళతోనే మొదలుపెడతాను, ఎందుకంటే తప్పు నాది.

*పోయిన సంచికలో మీరు రాసిన కొలతలతోనే గవ్వలు చేశాను. కిలో మైదాకి రెండు చెంచాల వంటసోడా అన్నారు. గవ్వలు నూనె మొత్తం తాగేశాయి. పిల్లలు ఒకటి తిని చేతులు సబ్బుతో కడుక్కుంటున్నారు. ఇంత ఖర్చు పెట్టించారేమిటండీ? — ఒక గృహిణి, తెనాలి*

అమ్మా, క్షమించు. నేను రాసింది రెండు చిటికెలు. అచ్చులో చెంచాలైంది. ప్రెస్సువాళ్ళ మీద తోసెయ్యొచ్చుగానీ ప్రూఫు దిద్దింది నేనే, కళ్ళజోడు పెట్టుకోకుండా దిద్దాను. సోడా ఎక్కువైతే పిండి లోపల బుడగలు లేచి గుల్లబారిపోతుంది. ఆ ఖాళీల్లోకి నూనె చేరుతుంది. నిజం చెప్పాలంటే గవ్వలకి ఆ రెండు చిటికెలు కూడా అక్కర్లేదు. కిలో మైదాకి వంద గ్రాముల వెన్న వేసి, పిండి గుప్పిట పడితే ముద్ద నిలిచేదాకా చేత్తో పులిమి, ఆ తర్వాత నీళ్ళు చల్లి గట్టిగా కలిపితే వాటంతటవే గుల్లగా వస్తాయి. చేసినవాటిని పాత నూలు పంచె మీద పరిచి ఒక పూట ఉంచు, కొంత నూనె బట్ట లాగేస్తుంది. న్యూస్ పేపరు మీద మాత్రం పరవకు. అచ్చుసిరా తినే వస్తువుకి అంటకూడదు. మా పత్రిక కాగితమైనా సరే, వద్దు.

*మేం డల్లాస్ పక్కన ఫ్రిస్కోలో ఉంటాం. అరిసెలు రెండుసార్లు చేశాను. మొదటిసారి పలకల్లా వచ్చాయి. రెండోసారి నూనెలో వేయగానే విడిపోయి అడుగుకి దిగిపోయాయి. పిండి ఇండియన్ స్టోర్లో కొన్నదే. అమ్మకి వీడియో కాల్ చేసి అడిగితే "పాకం వచ్చినప్పుడు నీకే తెలుస్తుందిరా" అంటోంది. నాకు తెలియలేదు పిన్నిగారూ. ఎలా తెలుస్తుంది? — ఒక పాఠకుడు, టెక్సస్*

నాయనా, మీ అమ్మ చెప్పింది నిజమే. ఆవిడకి తెలుస్తుంది. ఎలా తెలుస్తుందో చెప్పమంటేనే చిక్కు. మా అమ్మా అంతే. మాది కోనసీమ, అంబాజీపేట దగ్గర పల్లెటూరు. పుష్యమాసం వచ్చిందంటే అరిసెల పాకానికి మా అమ్మని ఊళ్ళో వాళ్ళు పిలుచుకుపోయేవారు. వెళ్ళేది, పొయ్యి పక్కన నిలబడేది, నీళ్ళ పళ్ళెంలో ఒక చుక్క వేసి వేలితో కదిపేది. "ఊఁ, దించండి" అనేసి చెయ్యి కొంగుకి తుడుచుకుని వచ్చేసేది. నేను పక్కనే నిలబడి పదేళ్ళు చూశాను. పెళ్ళయ్యాక మొదటి సంక్రాంతికి సొంతంగా చేస్తే నావీ పలకలే. మావారు ఒకటి తీసుకెళ్ళి గుమ్మానికి కొట్టి చూశారు. గుమ్మానికి సొట్ట పడలేదుగానీ అరిసె కూడా విరగలేదు.

ఆ ఉక్రోషంతో అమ్మ దగ్గరికి వెళ్ళి, ఆవిడ చేస్తూ ఉంటే తూకం వేసి, గడియారం చూసి కాగితం మీద రాసుకున్నాను. "అరిసెలకి లెక్కలేమిటే" అని నవ్వింది. ఆ కాగితం ఇంకా నా దగ్గరుంది, నూనె మరకలతో.

నీ తప్పు పాకంలో సగమే, మిగతా సగం పిండిలో ఉంది. స్టోర్లో అమ్మేది ఎండుపిండి. అరిసెకి కావలసింది తడిపిండి. కిలో బియ్యం ఒక రోజు నానితే సుమారు పావు కిలో నీళ్ళు తాగుతాయి. ఆ తడి ఆరకముందే పిండి పాకంలో పడాలి. ఎండుపిండి వేస్తే అది పాకంలో ఉన్న తడినంతా పీల్చుకుంటుంది, చలిమిడి (పాకంలో కలిపిన ముద్ద) బిగుసుకుపోతుంది. మొదటిసారి జరిగింది అది. దానికి భయపడి రెండోసారి పాకం లేతగా ఉండగానే దించేసి ఉంటావు. లేతపాకానికి పిండిని పట్టి ఉంచే బలం లేదు. నూనెలో వేయగానే చెదిరిపోయింది.

ఈసారి అర కిలో బియ్యంతో చెయ్యి. బాస్మతి వద్దు, ఉప్పుడు బియ్యం అసలే వద్దు. సోనా మసూరి పచ్చిబియ్యం మీకక్కడ దొరుకుతుంది, చాలు. (ఇక్కడైతే రేషన్ షాపు లావు బియ్యమే అరిసెలకి బాగుంటాయంటాను నేను. మా కోడలు ఒప్పుకోదు.) శుక్రవారం పొద్దున్న నానబోసి శనివారం పొద్దున్నదాకా ఉంచు. పూటకోసారి నీళ్ళు మార్చు, లేకపోతే పులిసిన కంపు కొడుతుంది. నీళ్ళు వార్చేసి, బట్ట మీద పరిచి, నీడన పదిహేను ఇరవై నిమిషాలు ఆరనివ్వు. ఫ్యాను వేయకు. గింజలు పట్టుకుంటే చేతికి నీళ్ళు అంటకూడదు, చల్లదనం మాత్రం తగలాలి. కొద్దికొద్దిగా మిక్సీలో వేసి సన్న జల్లెడ పట్టు. జల్లించిన పిండిని ఎప్పటికప్పుడు గిన్నెలో వేసి, అరచేత్తో అదిమి, మూత పెట్టు. వదులుగా వదిలేస్తే పాకం పట్టేలోపే పైపిండి ఆరిపోతుంది.

ఇక పాకం. అర కిలో బియ్యానికి 350 నుంచి 375 గ్రాముల బెల్లం. తరిగి, పావు గ్లాసు నీళ్ళు పోసి కరిగించి, వడగట్టు. ఎంత మంచి బెల్లమైనా ఇసుక ఉంటుంది. మళ్ళీ పొయ్యి మీద పెట్టి గరిటెతో తిప్పుతూ ఉండు. మొదట పెద్ద బుడగలు వస్తాయి, తర్వాత నురగ దగ్గరపడుతుంది. అప్పటినుంచీ పొయ్యి వదలకు. పక్కన పళ్ళెంలో చన్నీళ్ళు పెట్టుకుని నిమిషానికో చుక్క వెయ్యి. చుక్క నీళ్ళలో కలిసిపోతే ఇంకా కాలేదు. కలవకుండా అడుగున నిలిచి, వేలితో దగ్గరికి తీయబోతే జారిపోతుంటే ఇంకొక్క నిమిషం. వేళ్ళ మధ్యకి మెత్తటి ఉండలా వచ్చి, పైకి తీసి పట్టుకుంటే ఆ ఉండ నెమ్మదిగా కిందికి వాలిందనుకో, అదీ మీ అమ్మ చెప్పిన ఘడియ. పళ్ళేనికేసి కొడితే టంగుమందంటే దాటిపోయింది. ఏడవకు, వేరుశెనగ పప్పులు పోసి అచ్చు (చిక్కీ) చేసుకో. మీ దగ్గర కాండీ థర్మామీటర్ అమ్ముతారు కదా, ఉంటే 113 నుంచి 115 డిగ్రీల సెల్సియస్ మధ్య చూడు. నీళ్ళ పళ్ళెం చెప్పేదీ అదీ ఒకటే.

పొయ్యి కట్టేసి, చెంచాడు నెయ్యి, ఏలకుల పొడి, నువ్వులు వేసి, పిండి గుప్పెడు గుప్పెడు పోస్తూ తిప్పాలి. దీనికి ఇద్దరుండాలి. మీ ఆవిడ పోస్తే నువ్వు తిప్పు. ఉన్న పిండంతా పట్టాలని లేదు. చపాతీ పిండికంటే కాస్త వదులుగా ఉండగానే ఆపెయ్యి, చల్లారితే గట్టిపడుతుంది. ముందు ఒక్కటే వేసి చూడు. విడిపోతే రెండు చెంచాల తడిపిండి కలుపు. గట్టిగా వస్తే గోరువెచ్చని పాలు కొంచెం చిలకరించి మర్దించు. మధ్యస్థంగా మంట పెట్టి, అరిసె పైకి తేలాక ఒకసారి తిప్పి, ఎర్రబడగానే తీసి నూనె పిండెయ్యి. అరిసెల చెక్కలు లేకపోతే రెండు చిల్లుల గరిటెల మధ్య నొక్కు. తీసినప్పుడు మెత్తగానే ఉంటుంది. గట్టిపడిందాకా వేయించావంటే మళ్ళీ గుమ్మమే.

మీ అమ్మకి కాల్ చేయడం మానకు. ఈసారి ఫోను నీ మొహం మీద కాకుండా నీళ్ళ పళ్ళెం మీదకి తిప్పు. ఆవిడ "ఊఁ" అంటుంది, అప్పుడు దించు.

*మాది విజయనగరం. పెళ్ళయి కరీంనగర్ జిల్లాకి వచ్చాను. ఇక్కడ సంక్రాంతి అంటే సకినాలు. మా అత్తగారు, ఆడపడుచులు మాట్లాడుకుంటూనే చకచకా చుట్టేస్తారు. నేను చుడితే రెండో చుట్టుకే తెగిపోతోంది. అందరూ నవ్వుతున్నారు. కోపం రాదుగానీ చిన్నతనంగా ఉంది. — ఒక కొత్తకోడలు*

నవ్వనియ్యి తల్లీ, నన్నూ నవ్వారు. మావారి బ్యాంకు ఉద్యోగం వల్ల పదకొండేళ్ళు కరీంనగర్లో ఉన్నాం. మొదటి ఏడాది మా ఇంటి ఓనరమ్మ దుప్పటంత బట్ట పరిచి, చుట్టుపక్కలవాళ్ళని పిలిచి, నన్నూ కూర్చోబెట్టింది. అందరివీ ముగ్గులేసినట్టున్నాయి. నాది వానపాము పడుకున్నట్టుంది. "గట్ల ఒత్తుతె ఎట్లొస్తది చెల్లె, వేళ్ళతోని తిప్పాలె" అంది. ఆ ఒక్క మాటే కిటుకు.

మనం జంతికలకి అలవాటుపడి పిండిని నొక్కుతాం. సకినం నొక్కుడు కాదు, పేనుడు. బొటనవేలికీ మొదటి రెండు వేళ్ళకీ మధ్య పిండి ఉంచి, వత్తి పేనినట్టు మెలి తిప్పుతూ వదలాలి. ఆ మెలికే దారం తెగకుండా పట్టి ఉంచుతుంది. మూడు చుట్లు వస్తే చాలు, నాలుగోది వచ్చే ఏడాది చూసుకుందువుగాని.

తెగడానికి ఇంకో కారణం పిండి ఆరిపోవడం. సకినాలకీ తడిపిండే. రాత్రి బియ్యం నానబోసి, నీళ్ళు వార్చేసి, పట్టించి, జల్లించిన పిండి. కిలోకి 150 నుంచి 200 గ్రాముల నువ్వులు, రెండు చెంచాల వాము, ఉప్పు. వీళ్ళు అంతకుమించి ఏమీ వేయరు. నువ్వు ఉత్సాహంగా కారం, జీలకర్ర వేసేవు, అప్పుడు నవ్వడం మానేసి కోప్పడతారు. పిండినంతా ఒకేసారి కలపకు. రెండు గుప్పెళ్ళు కలిపి, అవి అయ్యాక మళ్ళీ కలుపు. మిగతాది తడిబట్ట కప్పి ఉంచు. చేతికి నీళ్ళు అద్దుకుంటూ చుట్టు. చుట్టినవి బట్ట మీద పావుగంటైనా ఉంటే పైతడి బట్ట లాగేస్తుంది, తీసేటప్పుడు విరగవు. అడుగు నుంచి పలచటి పళ్ళెం జొనిపి నూనెలోకి జార్చు. తెల్లగా, లేత మీగడ రంగులో ఉండగానే తీసెయ్యాలి. జంతికల్లా ఎర్రగా వేయిస్తే వాము చేదెక్కుతుంది.

మీ అమ్మగారింటి నుంచి నువ్వు ఏమైనా చేసి పెట్టు. మీవైపు పాకం గారెలు చేస్తారు కదా. తీపి గారె తినేటప్పుడు ఎవరూ నవ్వరు.

*పోయినేడు జంతిక నూనెలో ఢామ్మని పేలి మా అత్తగారి మెడ మీద నూనె పడింది. ఈసారి బాణలి దగ్గరికి వెళ్ళాలంటేనే టెన్షన్‌గా ఉంది. ఎందుకు పేలతాయి? — రాజమహేంద్రవరం*

ఇక్కడ హాస్యాలు లేవు. నా ఎడమ మణికట్టు మీద కూడా ఒక మచ్చ ఉంది, రూపాయి కాసంత.

పిండిలో నీళ్ళుంటాయి. వేడినూనెలో పడగానే అవి ఆవిరై బయటికి పోవాలి. పిండి మరీ బిగుతుగా ఉన్నా, వెన్న వేయకుండా కలిపినా, పైపొర ముందే గట్టిపడిపోయి ఆవిరికి దారి ఉండదు. జల్లించని పిండిలో నూక ఉన్నా ప్రమాదమే. లోపల ఆవిరి పెరిగి పెరిగి ఒక్కసారి బద్దలవుతుంది. నూనె పొగలు కక్కేంత కాగి ఉంటే పైపొర ఇంకా తొందరగా బిగుస్తుంది. కాబట్టి పిండి రెండుసార్లు జల్లించు. కిలోకి వంద గ్రాముల వెన్న గానీ, గరిటెడు కాచిన నూనె గానీ పోసి పులుము. గొట్టంలోంచి సులువుగా దిగేంత మెత్తగా కలుపు. ఒత్తడానికి భుజాలు నొప్పెడుతున్నాయంటే పిండి గట్టిగా ఉందని అర్థం. నువ్వులు, వాము నలిపి వెయ్యి. మొదట చిన్న ముక్క వేసి, పూర్తిగా వేగేదాకా దూరంగా నిలబడి చూడు. ఉండల్లా, లావుగా చేసేవాటికి ఈ జాగ్రత్త రెండింతలు.

బాణలి సగానికి మించి నూనె పోయకు. దాని మీదకి వంగకు. పిల్లల్ని వంటింట్లోకి రానివ్వకు, పండగ రోజైనా సరే. నూనె పడితే వెంటనే కుళాయి కింద పెట్టి ఇరవై నిమిషాలు మామూలు చల్లటి నీళ్ళు పారనివ్వు. ఐసు, పసుపు, సిరా, టూత్‌పేస్టు ఏవీ వద్దు. నా మచ్చ ఇంత మిగలడానికి కారణం ఆ రోజు నేను రాసుకున్న సిరాయే అని డాక్టరుగారు చీవాట్లు పెట్టారు. బొబ్బ పెద్దదైనా, మొహం మీద, మెడ మీద అయినా ఆసుపత్రికి వెళ్ళాల్సిందే. బాణలిలో నూనెకి మంట అంటుకుంటే స్టవ్ కట్టేసి బాణలి మీద మూత బోర్లించు. ఆ మంట మీద నీళ్ళు మాత్రం పోయకు.

*బెంగళూరులో పీజీలో ఉంటున్నాను. నా దగ్గర చిన్న రైస్ కుక్కర్, ఇండక్షన్ పొయ్యి, ఒక గిన్నె ఉన్నాయి. పండక్కి సెలవు దొరకలేదు. పైగా జలుబు. ఇంటి అన్నం తిన్నట్టు ఉండాలి, కష్టపడకూడదు. ఏదైనా చెప్పండి. — అనంతపురం అమ్మాయి*

ఈ ఉత్తరం చదివి కాసేపు ఊరుకున్నాను. పండక్కి పిండివంటలు పంపడం తేలికే, కొరియర్ ఉంది. జలుబు చేసినప్పుడు చారన్నం కొరియర్లో రాదు.

ముందు చారు. గోళీకాయంత చింతపండు రెండు గ్లాసుల నీళ్ళలో నానబెట్టి పిసుకు. అర చెంచా మిరియాలు, చెంచా జీలకర్ర, నాలుగు వెల్లుల్లి రెబ్బలు కచ్చాపచ్చాగా దంచు. రోలు లేకపోతే పాలిథిన్ కవర్లో వేసి స్టీలు గ్లాసు అడుగుతో కొట్టు, మా అబ్బాయి హాస్టల్లో అలాగే చేసేవాడు. అవీ, పసుపు, ఉప్పు, ఒక నలిపిన టమాటా, కరివేపాకు చింతపండు రసంలో వేసి కాయి. తెర్లనివ్వకు. అంచుల్లో నురగ లేచి పైకి పొంగబోతుండగా కట్టెయ్యి. తెగ మరిగిన చారు చారు కాదు, కషాయం. పోపు పెట్టుకోవాలనిపిస్తే నెయ్యిలో ఆవాలు, ఎండుమిర్చి, ఇంగువ. ఓపిక లేకపోతే మానెయ్, ఎవరూ చూడరు.

అన్నం కాస్త మెత్తగా వండు. వేడన్నంలో నెయ్యి వేసి, చారు పోసుకుని, పల్చగా కలిపి, స్పూను పక్కన పెట్టి చేత్తో తిను. జలుబులో సగం అప్పుడే దిగుతుంది. డాక్టర్లు ఒప్పుకోకపోవచ్చు, మా అమ్మ ఒప్పుకుంటుంది.

జలుబు తగ్గాక ఒక ఆదివారం కందిపొడి చేసి సీసాలో పెట్టుకో. ఒక కప్పు కందిపప్పు, పావు కప్పు సెనగపప్పు, పావు కప్పు పెసరపప్పు, పది ఎండుమిరపకాయలు, చెంచా జీలకర్ర. విడివిడిగా సన్నటి సెగ మీద కమ్మటి వాసన వచ్చేదాకా వేయించు. తొందరపడితే పైన మాడి లోపల పచ్చిగా ఉంటుంది. పూర్తిగా చల్లారాకే ఉప్పు వేసి మిక్సీ పట్టు, మిక్సీ పక్క గది వాళ్ళని అడుగు. వేడిగా సీసాలో పోస్తే ఆవిరి పట్టి ముద్ద కడుతుంది. వెల్లుల్లి వేస్తే రుచేగానీ నిల్వ తగ్గుతుంది. తడి చెంచా పెట్టావంటే వారంలో బూజు. అన్నం, కందిపొడి, నెయ్యి, మీ సీమ అలవాటు ప్రకారం పక్కన పచ్చి ఉల్లిపాయ ముక్క. మీ మరమరాల ఉగ్గాణి గురించి నిన్ను నేను ఓదార్చలేను, అది మీ ఊళ్ళోనే తినాలి.

*మా నాన్నగారికి పన్నెండేళ్ళుగా షుగర్. "పంచదార కాదు, బెల్లమే కదా" అంటూ అరిసెలు నాలుగేసి తింటారు. బెల్లం ఫర్వాలేదా? — నల్గొండ*

ఫర్వా ఉంది. బెల్లంలో కాస్త ఇనుము, ఇతర లవణాలు ఉంటాయన్న మాట నిజమేగానీ అందులో అత్యధిక భాగం చక్కెరే. పైగా అరిసెలో మిగతాది బియ్యప్పిండి. రెండూ రక్తంలో గ్లూకోజు పెంచేవే. "ఆర్గానిక్ బెల్లం" అని అట్టపెట్టె మీద రాసినా ఇంతే. ఎంత తినొచ్చో ఆయన డాక్టరే చెప్పాలి, నేను కాదు. మా ఇంట్లో మాత్రం మావారికి పండగ మూడు రోజులూ రోజుకి అర అరిసె, అదీ భోజనంతో. మిగతా డబ్బా ఎక్కడ పెట్టానో ఆయనకి తెలియదు. తెలియదనే అనుకుంటున్నాను.

*ఇంట్లో పూతరేకులు చేయడం నేర్పండి. — హైదరాబాద్*

ఎందుకమ్మా? ఆత్రేయపురంలో ఆ పని బతుకుతెరువు చేసుకున్నవాళ్ళున్నారు. పల్చటి బియ్యప్పిండి పాలలో గుడ్డ ముంచి, బోర్లించిన వేడి కుండ మీద ఒక్క విసురులో లాగితే రేకు వస్తుంది. ఆ విసురు చేతికి పట్టడానికి నెలలు కావాలి. 2023లో ఆ ఊరి పూతరేకులకి జీఐ (భౌగోళిక సూచిక) గుర్తింపు కూడా వచ్చింది. ఉత్త రేకులు అమ్ముతారు, అవి తెచ్చుకో. నెయ్యి రాసి, బెల్లం పొడో పంచదార పొడో, జీడిపప్పు పలుకులో నీ ఇష్టం వచ్చినంత వేసుకుని మడుచుకో. రేకు పెళుసుగా ఉంటే తడిచెయ్యి దాని మీద అలా ఆడించు, మెత్తబడుతుంది. చెయ్యి తడిగా ఉండాలి, కారుతూ ఉండకూడదు.

*మావారిది కర్నూలు, నాది పాలకొల్లు. నేను బొబ్బట్లంటే ఆయన భక్ష్యాలంటారు. పక్కింటి మహబూబ్‌నగర్ వదినగారు పోలెలంటారు. ఏది సరైన మాట? — బీహెచ్ఈఎల్ కాలనీ*

మూడూ సరైనవే. అనంతపురం వాళ్ళెవరైనా వస్తే ఓళిగలంటారు, దానికీ సిద్ధంగా ఉండు. దెబ్బలాడుకోవాలంటే పేరు మీద కాదు, పూర్ణం మీద దెబ్బలాడుకోండి. మన కోస్తాలో సెనగపప్పు. కర్ణాటక పక్క జిల్లాల్లో కందిపప్పుతో చేసేవాళ్ళూ ఉన్నారు, తిని చూడు, మెత్తగా వెన్నలా ఉంటుంది. అన్నట్టు, పప్పు వార్చిన కట్టు పారబోయకు. చింతపండు, పోపు పెట్టి చారు కాస్తే అటువైపు వాళ్ళు బొబ్బట్టుకన్నా ముందు చారే అడుగుతారు. మీవారి మొహం చూడు ఆ రోజు. పూర్ణం జారుగా అయిపోయిందంటే పప్పులో నీళ్ళు సరిగా వార్చలేదన్నమాట. మళ్ళీ పొయ్యెక్కించి దగ్గరపడేదాకా తిప్పు. అప్పటికీ మొండికేస్తే మినపపప్పు, బియ్యం రుబ్బిన పిండిలో ముంచి బూరెలు వేసెయ్యి.

*అరిసెలు వేశాక చలిమిడి సుమారు పావు కిలో మిగిలిపోతోంది. మళ్ళీ బాణలి పెట్టే ఓపిక ఉండదు. ఏం చేయాలి? — అమలాపురం*

మా పక్క ఊరివాళ్ళు అడగాల్సిన ప్రశ్నేనా ఇది! మా ఇంట్లో చలిమిడి మిగలడం అనేది లేదు. అమ్మ పాకం పట్టడానికి ఊళ్ళోకి వెళ్ళినప్పుడల్లా ఆ ఇంటివాళ్ళు అరిటాకు ముక్కలో ముద్ద పెట్టి పంపేవారు. మేం నలుగురం. ముద్దని నాలుగు చేయడం పెద్దక్క వంతు, మొదట తీసుకోవడం చివరివాడి వంతు. అందుకని అక్క భాగాలు సమానంగా చేసేది.

పచ్చికొబ్బరి చిన్న చిన్న ముక్కలు కోసి నెయ్యిలో వేయించి, గసగసాలు చల్లి చలిమిడిలో కలుపు. ఉత్తదే తినొచ్చు. పిండి ఉడకనిది కాబట్టి కొబ్బరి వేస్తే ఆ రోజే తినేయాలి. కొబ్బరి లేకుండా నెయ్యి రాసిన డబ్బాలో అదిమి పెడితే ఫ్రిజ్‌లో నాలుగు రోజులు ఉంటుంది. గట్టిపడితే పాలు చిలకరించు. పుట్టింటికి వచ్చిన ఆడపిల్లకి కడుపు చలవని చలిమిడి పెట్టి పంపుతాం కదా, మీ అమ్మాయి కనుమ వెళ్ళాక తిరుగు ప్రయాణమైతే ఆ పావు కిలో దాని సంచీలో పెట్టెయ్యి. స్టీలు డబ్బా పెట్టకు, తిరిగి రాదు.